యువకుని మనోవ్యధ: తీర్పుకు ముందు సంభాషణ

జ్వరం వచ్చిన మనిషి నోరు విప్పకపోయినా థర్మామీటరు అతని జ్వరాన్ని చెబుతుంది. రక్తహీనత వున్నదీ లేనిదీ నాలుగు చుక్కల రక్తం చెబుతుంది. మనసుకు కలిగే వ్యాధుల విషయంలో ఇంతటి సౌలభ్యం లేదు. దిగులును తూచే త్రాసును గానీ, భయాన్ని పటం కట్టి చూపే ఎక్స్‌రేను గానీ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అక్కడ రోగి మాటే ప్రధాన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సేకరించే తీరు సరిగా లేకపోతే రోగ నిర్ణయం తప్పుతుంది. నిర్ణయం తప్పితే చికిత్సా తప్పుతుంది. రోగి వయసు 15, 16 సంవత్సరాలయినప్పుడు ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. ఎందుకంటే, ఆ పిల్లవాని తరఫున మాట్లాడటానికి తండ్రి, తల్లి, మేనమామ, ఉపాధ్యాయుడు అందరూ సిద్ధంగా వుంటారు. మాట్లాడవలసిన వానికి మాత్రం వంతు రాదు.

ఈ లోపాన్ని సవరించడానికి మనోవైద్య రంగంలో ఒక పద్ధతి క్రమంగా రూపుదిద్దుకున్నది. దానిని మనం ‘సహకార పరిశీలన’ అని పిలుచుకోవచ్చు. పరిశీలించేవారు, పరిశీలనకు వచ్చినవారు ఇద్దరూ కూర్చొని, వచ్చిన కష్టం ఏమిటో కలిసి తెలుసుకోవడమే దాని సారాంశం. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో పెరుగుతున్న మన పిల్లల విషయంలో ఈ పద్ధతి అవసరమేమిటో, అది ఎలా సాగుతుందో, దానిపై మనవారికి కలిగే సందేహాలేమిటో ఇక్కడ పరిశీలిద్దాం.

ఈ ప్రాంతపు పిల్లలు

హైదరాబాదు నుంచి ముంబయి వైపు పోయే రహదారిలో రామచంద్రాపురం దాటితే పటాన్‌చెరు, ఆపై ఇస్నాపూర్, రుద్రారం, కంది, చివరకు సంగారెడ్డి వస్తాయి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, భానూరులో బి.డి.ఎల్. వెలిశాయి. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ ఏర్పడింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో మందుల కర్మాగారాలు, రసాయన పరిశ్రమలు వరుసగా వచ్చాయి. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది.

ఈ ప్రాంతంలో పిల్లలు పెరిగే ఇళ్లు ఒక్క తీరువి కావు. పరిశ్రమలకు భూములు పోయి, నక్కవాగు నీళ్లు చెడిపోయి సేద్యం వదులుకున్న పాత కాపురస్తుల ఇళ్లు కొన్ని. ప్రభుత్వ రంగ సంస్థల్లో స్థిరమైన ఉద్యోగం వున్నవారి ఇళ్లు కొన్ని. బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చి, కాంట్రాక్టరు కింద పనిచేస్తూ ఒక్క గదిలో బతికే కుటుంబాలు మరికొన్ని. ఆ ఒక్క గదిలో తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రపోతాడు. పిల్లవాడు పరీక్షకు చదవాలన్నా, ఏడవాలన్నా వేరే చోటు వుండదు.

ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, కర్మాగారపు గేటు దగ్గర మరొకటి. ఇంటర్మీడియట్ పరీక్ష భవిష్యత్తునంతా ఒక్క అంకెలో తేల్చేస్తుందన్న భయం ఒకవైపు, చదువు ఆపించి పనికో పెళ్లికో సిద్ధం చేస్తారన్న భయం మరోవైపు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు మనమింకా మరచిపోలేదు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అలాంటి రోజున తండ్రినో అన్ననో పోగొట్టుకున్న పిల్లల మనసులో ఏముందో ఏ నష్టపరిహారపు జాబితాలోనూ కనిపించదు.

మానసిక వ్యాధుల్లో సగం దాదాపు 14 ఏళ్ల వయసుకే మొదలవుతాయని 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే తేల్చింది. మన దేశంలో 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత వున్నదని అంచనా వేసింది. 40 మంది వున్న తరగతిలో ఇది సుమారు ముగ్గురు అన్నమాట. ఆ ముగ్గురు ఎవరో కనుక్కోవడం ఎలా? ఇదే అసలు ప్రశ్న.

ఇద్దరు సాక్షులు, రెండు మాటలు

పిల్లల మనోస్థితి తల్లిదండ్రులకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుందని మనం అనుకుంటాం. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో పరిశోధకులు పరీక్షించారు. 1987లో అమెరికా మనోవైజ్ఞానికుడు థామస్ అకెన్‌బాక్, ఆయన సహచరులు 119 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నదానికీ, పెద్దలు వారి గురించి చెప్పినదానికీ పొత్తు చాలా స్వల్పమని తేలింది. పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, కలిసింది 0.22 మాత్రమే.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. తండ్రికి కనిపించేది కోపం, మొబైల్ ఫోను, పొద్దెక్కేదాకా నిద్ర. పిల్లవానికి తెలిసింది రాత్రి 2 గంటలకు వచ్చే మెలకువ, గుండె దడ, తాను ఎందుకూ పనికిరానన్న ఆలోచన. ఒకటి బయటి నుంచి చూసింది, మరొకటి లోపలి నుంచి చూసింది. పైనున్న సాక్ష్యం ఒక్కటే విని తీర్పు చెబితే ‘బద్ధకం’ అని తేలుతుంది. రెండూ వింటేనే వ్యాధి బయటపడుతుంది.

మదర్సాలో తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే తసవ్వుర్, తస్దీఖ్ అనే రెండు మాటలు నేర్పుతారు. ఒక వస్తువు స్వరూపం మనసులో స్పష్టమవడం తసవ్వుర్. దానిపై ఔననో కాదనో నిర్ణయించడం తస్దీఖ్. మొదటిది లేకుండా రెండోది చెల్లదు. పిల్లల విషయంలో మన ఇళ్లలో జరుగుతున్నదేమంటే, తసవ్వుర్ లేకుండానే తస్దీఖ్ జరిగిపోతున్నది.

ఈ పద్ధతి ఎక్కడిది?

రోగిని తన కష్టం గురించి తానే వివరించమని అడగడం కొత్త సంగతి కాదు. హిజ్రీ 322లో, అంటే క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర, ఆత్మల ఆరోగ్యంపై రాసిన గ్రంథంలో దుఃఖాన్ని రెండు రకాలుగా విడదీశారు. ఆప్తుని మరణం, ఆస్తి నష్టం వంటి తెలిసిన కారణంతో వచ్చేది ఒకటి. కారణమేమిటో మనిషికే తెలియకుండా కమ్ముకొనేది రెండోది. ఈ రెండోదాని మూలం శరీరంలో వుంటుందని, రెండింటికీ చికిత్స వేరువేరుగా వుండాలని ఆయన వాదించారు. సూడాన్ పండితుడు మాలిక్ బద్రీ ఆ గ్రంథంలోని ఆత్మకు సంబంధించిన భాగాన్ని 2013లో ఆంగ్లంలో వెలువరించారు. కారణం వున్న దుఃఖమా, లేని దుఃఖమా అన్నది దుఃఖిస్తున్న మనిషిని అడగకుండా తేలదు కదా!

ఆధునిక కాలంలో ఈ ఆలోచన పలు దారుల్లో వచ్చింది. 1972లో అమెరికాలోని సియాటిల్‌లో హార్వీ బెర్మన్ అనే వైద్యుడు యువకులతో మాట్లాడటానికి ఒక ప్రశ్నల క్రమాన్ని తయారుచేశాడు. ఇల్లు, చదువు, కాలక్షేపం, మత్తు పదార్థాలు, స్త్రీపురుష సంబంధాలు, ప్రాణాపాయ ఆలోచనలు అన్న వరుసలో, సులువైన విషయం నుంచి కష్టమైన విషయానికి అది సాగుతుంది. 1970ల్లో తైవాన్‌లో పనిచేసిన ఆర్థర్ క్లైన్‌మన్ రోగులను వారి వ్యాధికి వారే పెట్టుకున్న పేరేమిటో, అది ఎందుకు వచ్చిందనుకుంటున్నారో, దానివల్ల దేనికి భయపడుతున్నారో అడగాలన్నాడు. 1985లో కాన్‌స్టన్స్ ఫిషర్, మనోపరీక్షలను రోగితో కలిసి చేయాలని ఒక గ్రంథం రాసింది. 1993లో స్టీఫెన్ ఫిన్ టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరంలో ఒక కేంద్రం నెలకొల్పి, పరీక్షకు వచ్చినవాని సొంత ప్రశ్నలతోనే పరీక్ష మొదలుపెట్టే విధానాన్ని స్థిరపరిచాడు.

పరిశీలన సాగే తీరు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇస్నాపూర్‌లో వుండే 17 ఏళ్ల కుర్రవాడు, ఇంటర్ రెండో సంవత్సరం, నెల రోజులుగా కాలేజీకి పోవడం లేదనుకోండి. తండ్రి ‘ఫోను పట్టుకొని పాడైపోయాడు’ అంటాడు. తల్లి ‘ఎవరిదో నజర్ తగిలింది’ అంటుంది. లెక్చరర్ ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అంటాడు. మూడు తీర్పులూ సిద్ధంగా వున్న తర్వాత కుర్రవాడు వైద్యుని ముందుకు వస్తాడు. సహకార పరిశీలనలో అప్పుడు జరిగే పనులు ఇవి.

మొదటిది, వచ్చిన పని చెప్పడం. ఎవరు పంపారు, ఎందుకు పంపారు, ఎంతసేపు మాట్లాడతాం, రాసుకున్నది ఎవరు చూస్తారు అన్నది కుర్రవానికి ముందే తెలియాలి. మోసగించి తీసుకువచ్చిన పిల్లవాడు నోరు విప్పడు.

రెండోది, ఏకాంతం. కొంతసేపు కుటుంబంతో, కొంతసేపు కుర్రవానితో ఒంటరిగా, చివరకు అందరితో కలిసి మాట్లాడాలి. అమ్మాయి అయితే గదిలో మరో స్త్రీ వుండటం, తలుపు కొద్దిగా తెరచి వుంచడం వంటి ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే ఆ స్త్రీ ఆమె బంధువు కాకపోవడం మంచిది.

మూడోది, గోప్యత, దాని హద్దులు. ‘నువ్వు చెప్పింది నా దగ్గర అమానత్. కాని నీ ప్రాణానికి గానీ, మరొకరి ప్రాణానికి గానీ ముప్పు వున్నా, నిన్ను ఎవరైనా లైంగికంగా హింసిస్తున్నా నేను మౌనంగా వుండలేను. అప్పుడు కూడా ముందు నీకే చెబుతాను’ అని స్పష్టంగా చెప్పాలి. 18 ఏళ్ల లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విధి. హద్దులు లేని వాగ్దానం చేసి, తర్వాత దాన్ని తప్పడం కన్నా హద్దులు ముందే చెప్పడం నిజాయితీ.

నాలుగోది, కుర్రవాని సొంత ప్రశ్న. ‘ఇక్కడి నుంచి వెళ్లేటప్పటికి నీకు ఏ సంగతి తెలిస్తే బాగుంటుంది?’ అని అడగాలి. ‘రాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర ఎందుకు పట్టదు?’ అని అతడు అడగవచ్చు. ‘తరగతి గది మెట్లెక్కుతుంటే గుండె ఎందుకు కొట్టుకుంటుంది? నాకు పిచ్చి పడుతున్నదా?’ అని అడగవచ్చు. ఇక్కడే పరిశీలన దారి మారుతుంది. తండ్రి ప్రశ్న ‘వీడు కాలేజీకి ఎందుకు పోడు?’ అన్నది. ఆ ప్రశ్నకు నిందే జవాబు. కుర్రవాని ప్రశ్నకు జవాబు వెతికితే అది తీవ్రమైన ఆందోళనా, కుంగుబాటా, మరొకటా అన్నది తేలుతుంది.

అయిదోది, శరీర పరీక్ష. థైరాయిడ్ లోపం, రక్తహీనత, మూర్ఛ, తలకు తగిలిన పాత దెబ్బ మనోవ్యాధి వేషంలో కనిపించవచ్చు. ఈ ప్రాంతంలో మరికొన్ని ప్రశ్నలు తప్పనిసరి. సెలవుల్లో ఏ కర్మాగారంలోనైనా పని చేశాడా? ద్రావకాల వాసన పీల్చాడా? గుట్కా, గంజాయి, వైట్‌నర్ అలవాటుందా? కల్లు తాగాడా? తెలంగాణ జిల్లాల్లో కల్లులో అల్ప్రజోలం వంటి మత్తుమందులు కలపడం తెలిసిన విషయమే. అలవాటు పడ్డవానికి ఒక్కసారిగా అది ఆగిపోతే వణుకు, నిద్రలేమి, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చు. ఇలాంటి ప్రశ్నలను నేరస్థుణ్ణి విచారించినట్లు గాక, జ్వరం వచ్చిన తేదీ అడిగినంత మామూలుగా అడగాలి.

ఆరోది, చావు ఆలోచన గురించి అడగడం. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. పరిశోధనలు ఈ భయం నిరాధారమని తేల్చాయి. అడగడం వల్ల ప్రమాదం పెరగదు, చాలాసార్లు గుండె బరువు తగ్గుతుంది. ‘బతకడం భారంగా అనిపించిందా? చనిపోవాలనిపించిందా? ఎలాగన్నది ఆలోచించావా? అది నీకు అందుబాటులో వున్నదా?’ అని మెట్టు మెట్టుగా అడగాలి. ఔనని జవాబు వస్తే అతణ్ణి ఒంటరిగా వదలరాదు. ఇంట్లో పురుగుల మందు, మాత్రలు, తాళ్లు అందకుండా తీసివేయాలి. అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.

చివరిది, ఫలితాన్ని అప్పగించడం. ‘నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఇందులో ఎక్కడ తప్పుంది?’ అని వైద్యుడు కుర్రవాణ్ణే అడగాలి. అతడు దిద్దిన తర్వాత, తల్లిదండ్రులకు ఏది చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకుంటారు. అప్పుడు తండ్రికి అందేది తీర్పు కాదు, తన కొడుకు గురించి కొత్తగా తెలిసిన సంగతి.

ఆప్తుల మరణం, కర్మాగార ప్రమాదం వంటివి జరిగిన వెంటనే మాత్రం ఇంతటి లోతైన పరిశీలన తగదు. జరిగినదాన్ని వివరించమని పిల్లలను బలవంతపెట్టరాదు. మొదటి వారాల్లో నిద్రలేమి, ఉలికిపాటు సహజం. తిండి, నిద్ర, తోడు, నిజమైన సమాచారం అప్పటి అవసరాలు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే అప్పుడు పరిశీలన అవసరం.

మాటల సమస్య

అనువాదకునిగా నాకు ముఖ్యమని తోచే విషయం ఒకటుంది. మనోవైద్యులు వాడే ప్రశ్నాపత్రాలు పెద్దవేమీ కావు. పి.హెచ్.క్యు.-9 అనే పత్రంలో 9 ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో ఏ కష్టం ఎన్నిరోజులు కలిగిందో 0 నుంచి 3 వరకు గుర్తిస్తారు. మొత్తం 27. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రకటించిన ఎస్.డి.క్యు. పత్రంలో 25 వాక్యాలుంటాయి. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు దాన్ని తామే నింపవచ్చు. తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు వేరే పత్రాలున్నాయి. ఇవి మంచి సాధనాలే. కాని వాటిలోని ఒక్కొక్క మాట మన ఇళ్లలోకి వచ్చేసరికి మరో బరువు మోస్తుంది.

ఉర్దూ ఇంట్లో పెరిగిన కుర్రవాణ్ణి ‘మాయూసీగా వుంటున్నదా?’ అని అడిగి చూడండి. మాయూసీ కుఫ్ర్ అన్న మాట చిన్నప్పటి నుంచి విన్నవాడు ‘లేదు’ అనే చెబుతాడు. అతడు జవాబిచ్చింది తన ఆరోగ్యం గురించి కాదు, తన ఈమాన్ గురించి. అదే కుర్రవాణ్ణి ‘దిల్ నై లగ్‌రా క్యా?’ అని అడిగితే కళ్లు నిండవచ్చు. ‘ఘబ్రాహట్’ అన్నది కొందరికి గుండె దడ, మరికొందరికి కడుపులో తిప్పడం. తెలుగులో ‘టెన్షన్’ అన్న ఒక్క మాటలో కోపం, భయం, అప్పు, నిద్రలేమి అన్నీ ఇముడుతాయి. ‘నీ టెన్షన్ ఎలా వుంటుందో చెప్పు, ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?’ అని అడిగేవరకు ఏదీ అర్థమైనట్లు కాదు. రాత్రి షిఫ్టు చేసే 19 ఏళ్ల యువకుణ్ణి ‘రాత్రి నిద్ర పడుతున్నదా?’ అని అడిగితే ప్రశ్నే తప్పు. అతని రాత్రి పగటిపూట వుంటుంది.

దుబాసీ సంగతి మరీ సున్నితమైనది. వలస కుటుంబాల్లో పెద్దలకు తెలుగు రాదు. బడికి పోయే పిల్లవాడే ఆసుపత్రిలో, బ్యాంకులో, పోలీసు స్టేషన్‌లో వారికి దుబాసీ. ఆ పిల్లవాడే రోగి అయినప్పుడు వాని మాటలను తల్లికి, తల్లి మాటలను వైద్యునికి ఎవరు చెప్పాలి? తన గురించి తల్లి చెప్పే ఫిర్యాదును తానే తర్జుమా చేయవలసి రావడం ఏ పిల్లవానికీ న్యాయం కాదు. చిన్న చెల్లెలినో, పక్కింటివారినో దుబాసీగా పెట్టడమూ తగదు. ఆ భాష వచ్చిన నర్సు గానీ, ఆశా కార్యకర్త గానీ, కుటుంబానికి సంబంధం లేని వ్యక్తి గానీ వుండాలి. వారు చెప్పినదాన్ని మెరుగుపరచకుండా, తగ్గించకుండా, సలహా చేర్చకుండా చెప్పాలి. రిజాలు పరిశీలించి రివాయతులు సేకరించిన సంప్రదాయానికి వారసులమైన మనకు, మాటను వున్నది వున్నట్లు అందించడం విలువ వేరే చెప్పనక్కరలేదు.

కొన్ని సందేహాలు

‘పిల్లలను ఇంతగా సంప్రదిస్తే తల్లిదండ్రుల గౌరవం ఏమవుతుంది?’ అని కొందరు అడుగుతారు. యుక్తవయసు వచ్చిన పిల్లవాని నమాజుకు, రోజాకు వాడే బాధ్యుడని మనం నమ్ముతాం. తన ఆరాధనకు జవాబుదారీ అయినవానికి తన గుండె సంగతి చెప్పే అర్హత లేదనడం పొసగదు. వ్యభిచారానికి అనుమతి కోరిన యువకుని వృత్తాంతం ముస్నద్ అహ్మద్‌లో వున్నది. చుట్టూ వున్నవారు గద్దించారు. దైవప్రవక్త (స) అతణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టి, ప్రశ్నలు వేసి, అతని నోటనే జవాబు రప్పించారు. తర్వాత అతనిపై చేయి వేసి దుఆ చేశారు. అక్కడ ధర్మం సడలలేదు, యువకుడూ అవమానపడలేదు.

‘ఇది ఈమాన్ బలహీనత కాదా?’ అన్నది రెండో సందేహం. హజ్రత్ యాఖూబ్ (అ) కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి కంటిచూపు పోగొట్టుకున్న సంగతి సూరె యూసుఫ్‌లో చదువుతాం. ఒక ప్రవక్త దుఃఖం ఆయన శరీరాన్ని తాకితే, 16 ఏళ్ల పిల్లవాని దుఃఖాన్ని విశ్వాస లోపమని ఎలా అనగలం?

మూడోది జిన్నులు, చేతబడి, ఆమిళ్ల సంగతి. జిన్నుల ఉనికి మన విశ్వాసంలోనిదే. కాని ఈ పిల్లవాని నిద్రలేమికి కారణం అదేనన్నది విశ్వాసం కాదు, ఒక వాదన. దానికి రుజువు కావాలి. దుఆ చేయించడం, ఖుర్ఆన్ పఠనం వైద్యానికి అడ్డు కావు. మాత్రలు ఆపించడం, పస్తులుంచడం, కొట్టడం, గొలుసులతో కట్టడం మాత్రం క్షమించరానివి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టివున్న 25 మందికి పైగా రోగులు కదలలేక కాలిపోయారు. కష్టం ఏమిటో పిల్లవాని నోట వినడానికి వైద్యునితోపాటు ఇమాముకు కూడా అవకాశం వున్నది. విన్న తర్వాత అతణ్ణి వైద్యుని వద్దకు పంపే ఇమాము మాట కుటుంబంలో చెల్లినంతగా మరెవరి మాటా చెల్లదు.

చట్టం, సదుపాయాలు

2017లో ఆమోదం పొంది 2018 నుంచి అమలులో వున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కొన్ని విషయాలను స్థిరపరిచింది. సమాజపు నైతిక, సాంస్కృతిక, మత విలువలతో సరిపడటం లేదన్న కారణంగా ఒకరిని మనోరోగి అని నిర్ణయించరాదు. రోగులను గొలుసులతో కట్టడం నిషిద్ధం. రోగి వివరాలు గోప్యంగా వుంచాలి. 18 ఏళ్ల లోపు వారికి చట్టబద్ధ సంరక్షకుడే ప్రతినిధి కనుక చికిత్స నిర్ణయాల్లో తల్లిదండ్రులకు స్థానం వున్నది. సహకార పరిశీలన ఆ స్థానాన్ని తీసివేయదు, పిల్లవాని స్థానాన్ని దానికి జోడిస్తుంది. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో వున్నారని భావించి వారికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షను చెబుతుంది. కేసు భయంతో ఇలాంటివారిని ఆసుపత్రికి తీసుకుపోకపోవడం ప్రాణాంతకమైన పొరపాటు.

ఇక ఎక్కడికి పోవాలి? పటాన్‌చెరులో ఏరియా ఆసుపత్రి, సంగారెడ్డిలో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి వున్నాయి. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. ఇదే ముంబయి రహదారి మీద హైదరాబాదు వైపు పోతే ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ వున్నది. ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది మన ప్రాంతంలో తిట్టుగా మారింది. బస్సులో గంట ప్రయాణమైన ఆసుపత్రి ఆ ఒక్క తిట్టు వల్ల ఎన్నో ఏళ్ల దూరమవుతున్నది. ఫోనులోనే మాట్లాడదలచినవారికి 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ సేవ వున్నది. నంబరు 14416. పిలుపుకు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

వైద్యుణ్ణి చేరేలోగా ఇంట్లో, బడిలో, మస్జిదులో మనం చేయగలిగింది కూడా వున్నది. రోగానికి పేరు పెట్టడం మన పని కాదు. పిల్లవాణ్ణి నలుగురి మధ్య గాక ఒంటరిగా కూర్చోబెట్టాలి. సలహా ఇవ్వడానికి ముందు అతని మాట ముగిసేదాకా ఆగాలి. విన్నదాన్ని బంధువుల మధ్య కబురుగా మార్చకూడదు. చావు మాట వస్తే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. ఆసుపత్రికి పోయేటప్పుడు, వైద్యుణ్ణి అతడు అడగదలచుకున్న ప్రశ్నలు రెండో మూడో వానిచేతనే ఒక కాగితం మీద, వానికి వచ్చిన భాషలో రాయించాలి. తల్లిదండ్రులు తమ ప్రశ్నలను వేరే కాగితం మీద రాసుకోవచ్చు. వైద్యుని బల్ల మీద ఆ రెండు కాగితాలూ పక్కపక్కన వున్ననాడు, ఆ కుటుంబంలో చికిత్స అప్పటికే మొదలైందని చెప్పవచ్చు.